ఒక అక్షరం తేడాతో

తుర్కులో నవంబరు. మధ్యాహ్నం మూడున్నరకే వీధిదీపాలు.
విశ్వవిద్యాలయ గ్రంథాలయం నేలమాళిగలో
ఎవరి మాటను ఎవరు ఎన్నిసార్లు ఎత్తి రాశారో
లెక్కగట్టడం నా ఉద్యోగం.
శుక్రవారం ఐలా రౌతియో పదవీ విరమణ.
సభలో చదవడానికి ఒక అంకె కావాలన్నారు డీన్,
చెవికి ఇంపుగా, కాస్త పెద్దదిగా.

ముప్ఫై ఎనిమిదేళ్లు, అరవై రెండు పత్రాలు.
జాబితా పైనే పెద్ద కుప్ప కనబడింది:
ఎనభై తొమ్మిదిలో రాసిన రెండున్నర పేజీలు.
గొట్టంలో ఆర్‌ఎన్‌ఏ చెడిపోకుండా
ఉప్పెంత, చల్లదనమెంత, ఎన్ని నిమిషాలు.
అంతే. ఊరగాయ కొలతలాంటిది.
పదకొండు వేల నాలుగు వందల సైటేషన్లు!
చదివినవాళ్లెందరో నేను చెప్పలేను.
ఉప్పును వాడతారు గానీ
ఎవరు చదువుతారు?

కిందికి జరిగితే ఇంకొకావిడ తగిలింది. ఎ. రౌతియా.
తొంభై నాలుగులో ఎవరో ఇంటిపేరు చివర ఓకారాన్ని ఆకారం చేశారు.
వాళ్ల జాబితా చూసి మరొకరు, అది చూసి ఇంకొకరు.
పుట్టని మనిషికి రెండు వేల మూడు వందల ప్రస్తావనలు.
గొట్టాలు కడగలేదు, చలిలో వేళ్లు కొంకర్లు పోలేదు,
సొమ్మొకరిది, సోకొకరిది.
లిస్బన్ సభవాళ్లు ఒకసారి రౌతియాకే ఆహ్వానం పంపితే
ఐలా వెళ్లి, ఆ పేరే మెడలో వేలాడేసుకుని
మూడు రోజులు కాల్చిన చేపలు తిని వచ్చిందట.

"సరిచేయమంటారా? రెండూ కలిపేస్తే అంకె పెరుగుతుంది" అన్నాను.
యాలకుల బన్ను తుంచుతూ ఆలోచించింది.
"ఉండనీ పాపం. ఆవిడకు కీళ్ల నొప్పులైనా లేవు."

అట్టడుగున ఒక పత్రం.
దాని వెనక పన్నెండు వేసవులు.
ఉత్తరాన, రెయిన్‌డీర్లు మేసే తెల్లని లైకెన్
ఏళ్ల తరబడి ఎండి, ముట్టుకుంటే పొడై,
ఒక్క చుక్క పడగానే
పదకొండో నిమిషంలో ఊపిరి తీస్తుంది.
అందులో ముందుగా మేలుకునేది ఎవరు?
అదీ ఆమె ప్రశ్న.
ఏడో ఏట డబ్బు ఆగింది. దోమలు ఆగలేదు.
ఇంటి ఫ్రీజర్‌లో నేరేడురంగు బెర్రీల పక్కన నమూనాలు పెట్టుకుని
చివరికి దొరకబుచ్చుకుంది, తొంభై నాలుగు పూసల చిన్న ప్రొటీన్‌ను.
కొండను తవ్వి ఎలుకను పట్టిందన్నారు.
ఆమె వెతికింది ఎలుకనే.

ప్రస్తావనలు ఏడు.
నాలుగు ఆమెవే.
రెండు, ఆమె దగ్గర చదువుకున్న టౌనో మొహమాటం.
ఏడోది బొలీవియా నుంచి, స్పానిష్‌లో,
నైరా కాలిసాయా అనే అమ్మాయి సిద్ధాంత గ్రంథం, నూట పదమూడో పేజీ:
"రౌతియో చెప్పినది మా ఎత్తులో, మా నమూనాల్లో
ఆరుసార్లు చేసినా నిజం కాలేదు."

ఇది చూపించాలా వద్దా అని
రెండు రోజులు కాగితాన్ని సొరుగులో దాచాను.
గురువారం సాయంత్రం ఇచ్చాను, ముఖం చూడకుండా.

కళ్లద్దాలు నుదుటికెక్కించి
కాగితాన్ని ముక్కు దగ్గరకు తెచ్చుకుని చదివింది.
మళ్లీ చదివింది.
"ఆరుసార్లు," అంది.
"చూశావా? ఆరుసార్లు చేసిందట!"
ఆ పదకొండు వేల గురించి చెప్పినప్పుడు
ఆ గొంతు నేను వినలేదు.
"నీళ్లు ఎక్కడివో రాసిందా?
నాలుగు వేల మీటర్ల ఎత్తులో రాత్రి మంచు కడుతుంది,
రెండోసారి మేలుకుంటున్నదాన్ని మొదటిసారి అనుకుందేమో.
లేదా నేనే తప్పేమో.
చిరునామా ఉందా?"

శుక్రవారం డీన్ అంకె చదివారు. చప్పట్లు.
పూలగుత్తి, గాజు పాత్ర, మేయరు కార్యాలయం నుంచి ఉత్తరం.
మొదటి వరుసలో ఐలా తలవంచుకుని కూర్చుంది.
కంట తడి పెట్టిందని పక్కన ఎవరో గుసగుసలాడారు.
వెనక నిలబడ్డ నాకు కనబడుతూనే ఉంది,
కార్యక్రమ పత్రం వెనక, పెన్సిల్‌తో, అడ్డదిడ్డంగా
ఆమె రాస్తున్నది:
ఎండు నమూనా, మూడు గ్రాములు.
రెండు పొట్లాలు.
తపాలా కౌంటరు ఐదింటికి మూస్తారు.