గాలి చెప్పేవాడు

తిరుపతి కంటాసుపత్రిలో చీకటి గది.
గడ్డం ఆనించమన్నారు, ఆనించినా.
అద్దం మారిన ప్రతిసారీ చిన్న టిక్కు.
"ఇది బాగుందా తాతా, ఇదా?"
ఆ పాపకి ఇరవై రెండుంటాయేమో.
నేను విన్న టిక్కులకి అంతకంటే వయసెక్కువ.

తుపాకీ నాది కాదు పాపా.
తుపాకీ నేగీది. పక్కన దుర్బిణి నాది,
మోచేతి కింద అట్ట నోటుబుక్కు,
అందులో పెన్సిలు లెక్కలు.
చలికి సిరా గడ్డకడుతుంది, పెన్సిలు కట్టదు.
వాడు నొక్కేవాడు. నేను గాలి చెప్పేవాణ్ణి.

గాలి కనబడదంటారు. కనబడుతుంది.
దుర్బిణి చూపుని గురికి కాస్త ఇవతలికి లాగితే
ఎండ సెగ కాలవ నీళ్ళ మాదిరి పారతా ఉంటుంది.
నిలువునా ఉడికితే గాలి లేనట్టు,
పడుకుని పారితే ఉన్నట్టు.
బంగారుపాళెంలో మా నాయన మామిడితోట కాపలా.
ఆకు వెనక్కి తిరిగి తెల్లబడితే చాలు,
ఏ చెట్టు కింద ఎన్ని కాయలు ఏరాలో
రాలకముందే చెప్పేవాడు.
నా చదువు అదే. మిగతాది సర్కారు నేర్పింది:

పదకొండు వందల మీటర్లు దాటడానికి
తూటాకి రెండు సెకన్ల దగ్గర దగ్గర పడుతుందని,
తన చుట్టూ తాను తిరిగే తిరుగుడికే
జానెడు కుడికి జారుతుందని,
తెల్లారి చల్లటి తూటా వేరు, ఎండ తగిలిన తూటా వేరని,
కొండ మీదికి కొట్టేటప్పుడు
వాలు దూరం లెక్కెయ్యకూడదని.
మెట్లెక్కేవాడి మోకాళ్ళకి వాలు.
తూటాకి నేల మీద పరిచిన దూరమే.

తరవాత లేజరొచ్చింది, అరచేతిలో పట్టే గాలిమీటరొచ్చింది,
లెక్కలన్నీ తానే వేసే పెట్టె వచ్చింది.
మీటరు మన ముక్కు ముందర గాలినే కొలుస్తుంది.
నడిమధ్య లోయలో గాలి ఇష్టం గాలిది.
దాన్ని మనిషే చెప్పాల.

"ఇదా తాతా, ఇదా?"
మొదటిదే పాపా. కాదు, ఉండు. రెండోది.

ఆ పొద్దు అవతలోడు
రాయి చాటునుంచి ఇవతలికొచ్చి కూర్చుని
బూటు విప్పి, మేజోడు పిండుకుంటా ఉండాడు.
బొటనవేలి దగ్గర చిల్లుండాదని అనుకున్నా.
అంత దూరం నుంచి చిల్లు కనబడదు.
నేగీ సగం ఊపిరి వదిలి, మిగతాది ఆపినాడు.
"గాలి?"
"ఎడమకి ఒకటిన్నర" అన్నా.
రెండని సెగ చెబుతా ఉంది.
చెబుతా ఉందా?
ఇరవై ఏడేళ్ళుగా ఆ లోయ గాలిని
తిరగేసి తిరగేసి చదువుతానే ఉండా.

రెండు సెకన్లు.
ఒక తడి మేజోడు సగం తొడుక్కునే సేపు.
మూరెడు పక్కన రాతి మీద దుమ్ము లేచింది.
ఒంటి బూటుతో పరిగెత్తినాడు వాడు.

నేగీ బోల్టు లాగి
ఖాళీ తొడుగు జేబులో వేసుకున్నాడు.
ఏమీ అనలేదు. రాత్రి టీ తాగేటప్పుడూ అనలేదు.
పుస్తకంలో నేనే రాసినా: గాలి మారింది.

పోయినేడు వాళ్ళ కొడుకు ఫోన్ చేసినాడు,
నాయన పోయినాడని.
ట్రంకు పెట్టెలో ఒక ఇత్తడి తొడుగు దొరికిందంట,
మేకుతో గీకి రెండు అంకె వేసి ఉండాదంట.
తేదీనా అంకుల్, అని అడిగినాడు.
అయ్యుంటుంది నాయనా, అన్నా.

ఆపరేషన్ రేప్పొద్దున.
వార్డు కిటికీలో కొండ.
గాలిగోపురం దీపాలు ఒకదాంట్లో ఒకటి కరిగి
నామమంతా ఒక తెల్లటి మరక.
అలవాటు పోదు. చెయ్యి చాచి
బొటనవేలి గోటితో కొలిచినా, నవ్వొచ్చింది.
ఇక్కడ వేపాకు కదలడం లేదు.

చుక్కలు వెయ్యడానికొచ్చిన నర్సమ్మ
"కొండ కనబడతా ఉందా తాతా?" అంది.

కనబడతా ఉందమ్మా.
ఆడ గాలెట్లుండాదో మాత్రం
ఈడనించి చెప్పలేను.