సంజాయిషీ

మేడమ్,
ఏప్రిల్ ఇరవై నాలుగు, బుధవారం,
కంచిలి దాటినాక పదకొండు నిమిషాలు
బండి ఎందుకాగిందో రాసివ్వమన్నారు.
నా పేరు దున్న తవిటినాయుడు.
ఎచ్చెర్ల గోడౌను నుంచి ఇచ్ఛాపురం,
ఐషర్ బండి, సీటు కింద నల్ల పెట్టె.
నాను సెప్తన్నాను, మా పాప రాస్తంది.
తప్పులుంటే దానివి, నిమిషాలు నావి.

ముందు ఆ పెట్టె సంగతి.
తాళం తిప్పితేనే దానికి తెల్లారతాది.
ఆ రోజు నాలుక్కే నాను గేటు కాడున్నాను.
ఏడున్నర దాకా సరుకెక్కలేదు.
బిల్లుల గుంటడు రాలేదు,
ఆడొచ్చేక కరెంటు పోనాది.
మూడున్నర గంటలు టైరుకి జారబడి కూకున్నాను.
తాళం తిప్పలేదు గదా,
పెట్టె లెక్కలో అదంతా నాను పుట్టకముందు.
నాయుడూ, ఎందుకాగేవని
ఎవులూ ఫోన్ సెయ్యలేదు.

తిప్పేక మొదలు.
మడపాం టోలుగేటు కాడ ఆరు నిమిషాలు. క్యూ.
టెక్కలి దింపుడు పద్నాలుగు.
కాశీబుగ్గలో పిక్కల లారీ అడ్డం పడితే తొమ్మిది,
అదీ ఒగ్గేసేరు.
ఆవలించినందుకు కెమేరా రెండుసార్లు కుయ్యిమంది,
దానికెంత కోస్తారో ఇంకా తెలీదు.

ఇక కంచిలి.
మాది ఉద్దానం, మేడమ్.
మీ మ్యాపులో పచ్చగా ఉంటాదే, అది.
మా అన్న జోగారావు వారానికి మూడు రోజులు
సోంపేట ఆస్పత్రిలో మిషను పక్కన పడుకుంటాడు,
నాలుగేసి గంటలు.
అదీ కుయ్యిమంటాది. దాని లైటూ
మన పెట్టె లైటులాగే ఆరతా ఎలగతా ఉంటాది.
నా రక్తమూ సూసేరు.
డాక్టరు కాగితం మీద ఒకటే రాసేడు:
నీళ్లు బాగా తాగు.
మీరూ ఒకటే రాసేరు:
దారిలో ఆగొద్దు.
రెండూ ఒకే జేబులో ఉన్నాయి.

ఆరు నెలలు మీ కాగితమే గెలిసింది.
ఎచ్చెర్లలో నింపిన సీసా
ఇచ్ఛాపురంలో నిండుగా దిగేది, ఏడెక్కి.
నరసన్నపేట కాడ నాలిక పిడసగట్టేది,
పలాస కాడ ఉమ్ముకీ కరువే.
ఆ నెలల్లోనే నా షీటు
మీటింగులో అందరికీ సూపించేరట,
ఇలగుండాల డ్రైవరంటే అని.

ఆ బుధవారం మాత్రం తాగేను.
మందస దాటతంటే అన్న ఫోన్ సేసేడు.
రాత్రి కలొచ్చిందిరా, అన్నాడు,
మన నూతిలోంచి సేద తోడి
ఎత్తి పట్టుకుని తాగేస్తన్నానంట, అన్నాడు.
ఆడికి రోజు మొత్తానికీ మూడు గళాసులే లెక్క.
సీసా మూత తీసేను,
ఆడి వాటా కూడా తాగేసేను.

తాగినోడు ఆగాల గదా.
ఈ ముక్క ఎలగ రాయాలని పాప పెన్ను కొరుకుతంది.
జీడితోట గట్టు దిగేను అని రాయమ్మా, సాలు.
రెండు నిమిషాలు.

మిగతా తొమ్మిదీ అడుగుతారు.
తోటలో పళ్లు రాలి పులిసిన వాసన.
ముసలమ్మొకతి పిక్కలేరతా తలెత్తింది,
బండి సెడిపోనాదేటి బాబూ అంది.
లేదమ్మా, బాగానే ఉంది.
మరాపినావేటి?
ఆవిడా మీ మాటే అడిగింది.
అడిగి, జవాబు కోసం సూడకుండా
ఓ పండు సేతిలో ఎట్టి పనిలో పడిపోనాది.
గొంతు గీరుకుపోయే పండు.
రసం మోసేతి దాకా కారతంటే
నిలబడి తిన్నాను. నెమ్మదిగా తిన్నాను.
నెమ్మది అన్న మాట కింద గీత గియ్యమ్మా.

నూట యాభై కోతన్నారు.
కోసుకోండి. గాని ఎక్కణ్ణుంచి కొయ్యాలో నాను సెప్తాను:
ఆ మూడున్నర గంటల్లోంచి.
పదకొండు తీసీగా మిగిలింది
నా పేరనే ఉంచండి.

ఇట్లు తమ విధేయుడు అని రాయాలా నాయినా, అంటంది.
రాయమన్నాను.
రాసేక కొట్టెయ్యమన్నాను.
ఉత్త ఇట్లు ఉంచమన్నాను.

ఇట్లు,
దున్న తవిటినాయుడు

మరొక్క ముక్క.
రేపూ తాగుతాను.
ముందే సెప్తన్నాను, ఫోన్ ఖర్సు మీకెందుకు:
కంచిలి దాటినాక, ఎడమపక్క.