నాలుగక్షరాల ఖాళీ

హాలిఫాక్స్ దాటాక, వాన సగం కురిసి
మిగతాది రేపటికి దాచుకునే లోయలో
క్లిఫర్డ్ అక్రాయిడ్ సమాధిరాళ్ల దుకాణం.
అక్షరానికి ఇంతని లెక్క.
కామాకి డబ్బులున్నాయి, తోక చెక్కాలి గనక.
చుక్కకి లేవు.
నా పని రాతిపొడి ఊడ్వడం, అక్షరాలు లెక్కపెట్టడం.

గుమ్మం ముందు మెట్టు కూడా సమాధిరాయే, బోర్లా వేసింది.
బ్యాంకు మేనేజరొకాయన.
నియమమున్న మనిషి అని రాయమన్నారు ఇంటివాళ్లు.
ప్రిన్సిపుల్ చెక్కాల్సిన చోట ప్రిన్సిపల్ పడింది.
కొమ్ము జారితే నియమం పోయి అసలు మిగిలింది,
వడ్డీ ఒక్కటే తక్కువ.
"ఆయన్ని ఎరిగినవాళ్లు తప్పనేవాళ్లు కాదులే" అని
క్లిఫర్డ్ ఇప్పటికీ ఆ రాతికే బూట్లు తుడుస్తాడు.

మంగళవారం థెల్మా హోరాక్స్ వచ్చింది.
గొడుగు లోపలే విప్పి ఆరబెట్టి,
సంచిలోంచి గ్యాసు బిల్లు తీసి వెనక్కి తిప్పింది.
పెన్సిలు రాత: హియర్ లేస్ ఆర్నాల్డ్.

క్లిఫర్డ్ గొంతు సవరించుకున్నాడు.
"లైస్ అనాలమ్మా.
తనంతట తాను ఒరిగితే లై.
చేత్తో దేన్నైనా పేరిస్తే, పరిస్తే, లే.
మా అమ్మ మా కుక్కతో పదమూడేళ్లు తప్పు మాటే అంది,
అది సరిగ్గానే పడుకునేది.
కానీ ఇది రాయి."

"నలభైరెండేళ్లు ఇటుకలు పేర్చాడు.
బడి గోడ, రైలు వంతెన పక్క అరుగు,
అదిగో, మీ పొగగొట్టం.
పేర్చడం అంటే లేయే కదా?"
"అవును, కానీ ఇప్పుడు..."
"ఇప్పుడూ వరసలోనే ఉన్నాడు.
ఇటు పక్క బ్రాడ్లీ, అటు పక్క నాకుంచిన జాగా."

నా చెవిలో ఇంగ్లీషు ఇంకా తెలుగులోనే పడుతుంది.
లే అంటే నాకు నిద్ర లేపడం.
లేడు అంటే పోయాడు.
లేస్తాడు అంటే, అది పాస్టరుగారిని అడగాలి.
ఏత్వానికీ ఐత్వానికీ నడుమ
చీపురు పట్టుకుని నిలబడిపోయాను.

"పైగా ఆ లైస్‌కి ఇంకో అర్థం ఉందిగా" అంది థెల్మా.
"మా ఆయన అబద్ధమాడి ఎరగడు.
వంకరొచ్చిన గోడని వంకరే అని చెప్పి
సొంత డబ్బుతో పడగొట్టి మళ్లీ కట్టేవాడు."
గొడుగు చువ్వ ఒకటి సరిచేసింది.
అది సరిగ్గానే ఉంది.
"ఒకటి ఆడాడు.
మార్చి నెలంతా, ఎలా ఉందంటే ఏం లేదన్నాడు.
ఆ ఒక్కటీ తీసుకెళ్లి రాతి మీద పెడతారా?"

చర్చి నుంచి ఉత్తరం:
వ్యాకరణం దేవుడికి పట్టకపోయినా కమిటీకి పడుతుందట.
లేస్ కుదరదు.
లైస్‌కి ఆమె ఒప్పుకోదు.
రెండిటికీ అక్షరాలు నాలుగే, ధర ఒకటే,
అంతకు మించి నేను చెప్పగలిగింది లేదు.

మూడు రోజులు క్లిఫర్డ్ ఆ రాతి చుట్టూ తిరిగాడు.
టీ చల్లారబెట్టుకుని తాగాడు.
నాలుగోనాడు హియర్ చెక్కాడు.
నాలుగక్షరాల మేర రాతిని రాతిలాగే వదిలేశాడు.
తర్వాత ఆర్నాల్డ్ హోరాక్స్.
కింద చిన్నగా, బ్రిక్‌లేయర్.
ఆ మాట మధ్య ఒక లే నక్కి ఉంది,
కమిటీ చూడలేదు.

థెల్మా చేతితొడుగు విప్పి
చెక్కని చోటునే వేలితో తడిమింది.
ఆ ఖాళీకి డబ్బు వద్దంటే వినలేదు.
"ఇటుకకీ ఇటుకకీ మధ్య సందు కొలిచేవాడు మా ఆయన.
దానికీ సున్నం పడుతుంది" అని
నోట్లు లెక్కపెట్టి బల్ల మీద పెట్టింది.

బిల్లులో ఆ చోట ఏం రాయాలో తెలీక
నాలుగు చుక్కలు పెట్టాను.
చుక్కకి మా దగ్గర ధర లేదు.