నలభై నిమిషములు

అయ్యా,
అవతలి దేశంలో ముసలోళ్లకి సేవ చేసేదానికి
మన ఆడోళ్లకి కొత్త దారి తెరస్తా ఉన్నారంట.
దానికొక ఫారం, పద్నాలుగు పేజీలు.
ఖాయం చేసే ముందు
ఎవరైనా సరే అభ్యంతరాలు రాయొచ్చునన్నారు.
చిత్తూరు కలెక్టరాఫీసు ఎదురుగా
జెరాక్సు కొట్టు మెట్ల మీద
ముప్పై ఒక్కేళ్లుగా అర్జీలు రాస్తా ఉండా.
ఎవరైనా అంటే నేను కూడా గదా.

ఫారం అడుగున చీమల బారులాగా ఉంది ఒక వాక్యం:
"దీనిని పూరించుటకు పట్టు సగటు సమయము
నలభై నిమిషములు."
నా అభ్యంతరం దాని మీద.

బుధవారం బంగారుపాళ్యం నుంచి
తొలి బస్సుకొచ్చింది గంగులమ్మ.
ఇంటిపేరు అన్నారు మీరు.
ఆయమ్మ మూడు చెప్పింది:
నాయనది, మొగుడిది,
రేషన్ కార్డులో ఎవరో పొరపాటున ఎక్కించింది.
ఏది రాసేదమ్మా అంటే
"ఏది గట్టిగా నిలబడితే అది రాయి సామీ" అనింది.
ఆ గడి దగ్గరే నా టీ చల్లారిపోయింది.

పుట్టిన తేదీ:
నీవా ఏట్లో నీళ్లు పారిన ఏడు.
చిత్తూరోళ్లకి ఇది చాలు,
అట్లాంటి ఏళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.
మీ గడిలో ఎనిమిది అంకెలే పడతాయి,
ఏరు పట్టదు.

వేళ్లంటే గుర్తొచ్చింది.
పదీ పెట్టింది మిషను మీద.
తుడిచి పెట్టింది, తడిపి పెట్టింది,
కొంగుకి రుద్ది మళ్లీ పెట్టింది.
మిషను ఎవరూ లేరనింది.
గుజ్జు ఫ్యాక్టరీలో పద్దెనిమిది సీజన్లు
తోతాపురి కాయ కోసిన చేతులవి,
సొన తినేసింది గీతలన్నీ.
ఆ గీతలు డబ్బాల్లోకెక్కి
ఎప్పుడో సముద్రం దాటేసినాయి,
వాటినెవరూ ఏ ఫారమూ అడగలేదు.

అనుభవము, సంవత్సరములలో.
ధ్రువపత్రము జతచేయుము.
మంచాన పడిన అత్తని తొమ్మిదేళ్లు
పక్క తిప్పింది, కడిగింది, జావ తాగించింది.
సంతకం పెట్టాల్సిన మనిషి
పోయిన కార్తీకంలో పోయింది.
నోటరీ దగ్గరికి నడిచినాం,
బతికున్నోళ్లని తెమ్మన్నాడు.

ఇంక ఇరవై ఏడో ప్రశ్న.
తిరిగి వచ్చు ఉద్దేశము కలదా?
కలదు, లేదు. ఒకటి కొట్టివేయుము.
గంగులమ్మ ఆ రెండు మాటల్నీ
సంతలో కోళ్లని చూసినట్లు చూసింది.
"ఏది కొట్టేస్తే పంపిస్తారు?"
ఇన్నేళ్లలో నన్నెవరూ
జవాబు తెలియని ప్రశ్న అడిగిందిలేదు.
పన్నెండు గంటల బస్సు పోయింది.
రెండింటి బస్సూ పోయింది.
జెరాక్సు కుర్రోడు షట్టరు సగం దించినాడు.
ఏదీ కొట్టెయ్యకుండానే
ఫారం మడిచి జాకెట్లో పెట్టుకుంది.

సూచనలు కూడా రాయమన్నారు గదా.
నలభై తీసెయ్యండి.
ఇంకో అంకె పెట్టమని కూడా అనను,
ఆ జాగా తెల్లగా వదిలెయ్యండి,
ఎవరిది వాళ్లు రాసుకుంటారు.

అర్జీకి అరవై రూపాయలు తీసుకుంటా నేను.
దీనికి ఎవరూ ఇయ్యలేదు, నేనూ అడగలేదు.
కాయ దిగింది, గంగులమ్మ మళ్లీ
ఫ్యాక్టరీ పనికి పోతా ఉంది.
జవాబు ఉంటే నా పేరుకే రాయండి:
దొరస్వామి, జెరాక్సు కొట్టు మెట్లు, చిత్తూరు.
ఆయమ్మ అడ్రసు
మీ ఆరో గడిలో పట్టలేదు.