ఆచూకీ లేనివారు

లైరియా ఆసుపత్రి రెండో అంతస్తులో
కిటికీ లేని గది నాది.
ముప్పై ఏళ్లనాటి హాజ్‌కిన్ ఫైళ్లన్నీ
దుమ్ము దులిపి కంప్యూటర్‌కి ఎక్కించడం పని.
చివరి గడిలో మూడే మాటలకు చోటు:
బతికి ఉన్నారు. చనిపోయారు. ఆచూకీ లేదు.

పెద్ద ఊళ్ల ప్రయోగాలకు ఏరుకున్న మనుషులు కారు వీళ్లు.
బస్సు తప్పిపోయి
సోమవారం మందు గురువారం ఎక్కించుకున్నవాళ్లు,
ద్రాక్షకోతలయ్యాక వస్తానని
నాలుగో విడత వాయిదా వేసినవాళ్లు.
గుక్కెడు వైన్ తాగితే చాలు
మెడకింద బిళ్లలు సలుపుతున్నాయని లుసీలియ మొత్తుకుంటే
"అయితే తాగడం మానెయ్" అన్నారట, ఏడాదిపాటు.
ఆమె ఫైలు సన్నం.
చివరి గడి నింపడానికి ఎంతోసేపు పట్టలేదు.

అదెలీను దగ్గర ఆగిపోయాను.
వయసు ఇరవై ఆరు. వృత్తి, గాజు ఊదడం.
ఎక్స్‌రేలో గుండె పక్కన
దబ్బపండంత నీడ.
నాలుగు మందుల జాబితాలో రెండోదాన్ని
రెండు విడతలవగానే ఎర్రసిరాతో కొట్టేశారు.
పక్కన డాక్టర్ మఫాల్డ గొలుసురాత:
"ఇతని ఊపిరితిత్తుల మీద
ఇంట్లో ముగ్గురు అన్నం తింటున్నారు."
ఆమెకు ఆ ధైర్యం
అప్పటికింకా ఏ పుస్తకమూ ఇవ్వలేదు.
తప్పైతే నాదే అన్నట్టు
కింద పూర్తి పేరుతో సంతకం.

ఆ తర్వాత ఛాతీకి రేడియేషన్, ఇరవై రోజులు.
ఎనిమిదేళ్లు బుద్ధిగా వచ్చాడు.
ఆపైన కాగితం తెల్లగా.

ఆచూకీ లేదు అని కొట్టబోయి, ఆగి,
శనివారం మరీన్య గ్రాండీ బస్సెక్కాను.

ఫ్యాక్టరీ మూతపడింది. వెనక వీధి అన్నారు.
"నయమైందన్నారు కదమ్మా,
నయమైనవాడికి ఆసుపత్రిలో ఏం పని?"
అంటూనే మేడమీదికి దారి తీశాడు.
ఆరో మెట్టు మీద ఆగాడు, కమ్మీ పట్టుకుని,
కిటికీలోంచి దేన్నో చూస్తున్నట్టు.
ఆ కిటికీకి ఎదురుగా ఉన్నది
పక్కింటి గోడ.

పైన అలమరలో ఒక ఆకుపచ్చ సీసా,
ఓ పక్కకి ఒరిగింది.
"మందులయ్యాక ఊదిన మొదటిది.
వంకరపోయింది. ఎవడు కొంటాడు?"
చేతిలోకి తీసుకున్నాను.
మూతి తెరిచే ఉంది, ఆనాటి గాలి
ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది.
ఆకారం మాత్రం దానిదే.

చెప్పాల్సింది చెప్పాను.
నిన్ను బతికించిన కిరణాలే
గుండె కవాటాన్ని నెమ్మదిగా గట్టిపరుస్తాయని,
థైరాయిడ్ కూడా చూడాలని.
కరెంటు బిల్లు చదివే మనిషిలా విన్నాడు.
"వడ్డీ ఎంత?" అన్నాడు.
ఇద్దరం నవ్వాం, కొంచెం ఆలస్యంగా.

మఫాల్డ ఎలా ఉందని అడిగాడు.
పోయిన చలికాలం, అన్నాను.
సీసాని తిరిగి దాని చోట పెట్టి
దుమ్ములో గుండ్రటి మచ్చమీద సరిగ్గా కూర్చుందా లేదా అని
చాలాసేపు సవరించాడు.

సోమవారం "బతికి ఉన్నారు" నొక్కాను.
యంత్రం వెంటనే ఒప్పుకుని తర్వాతి పేరు అడిగింది.
వ్యాఖ్యలకు వదిలిన చిన్న గడిలో
ఆరో మెట్టు దగ్గర ఆగుతాడు, అని రాశాను.

గురువారం తొమ్మిదింటికి గుండె స్కానింగ్.
బస్సు ఎనిమిదీ పదికి, అది తప్పితే ఎనిమిదిన్నరకి.
రెండూ కాగితం మీద రాసి ఇచ్చొచ్చాను,
కళ్లజోడు లేకుండా చదవగలిగేంత పెద్దగా.