ఇతరములు

ఆసిఫ్‌నగర్ ట్యాంకర్ల ఆఫీసు, రెండో అంతస్తు.
కూలర్ కింద బకెట్ పెట్టిన గదిలో
పద్నాలుగేళ్ల కిందట పరాంకుశంగారు రాసిన వ్యూ
ఇంకా నడుస్తూనే ఉంది.

ఒకటైతే జియాగూడ, రెండైతే మల్లేపల్లి,
మూడైతే గుడిమల్కాపూర్...
బస్తీల పేర్లన్నీ కోడ్ లోపలే,
తడి సిమెంటు మీద వేలితో గీసినట్టు.
పైన ఆయన వదిలివెళ్లిన ఒక్క వాక్యం:
"ప్రస్తుతానికి ఇలా. వచ్చే వారం మార్చాలి."

ఆ వచ్చే వారం నా నెత్తిన పడింది.

అప్పటిదాకా సయీదా మేడమ్‌కి కొత్త పేరు కావాలంటే
నాకు ఫోన్ చేయాలి, అర్జీ పెట్టాలి,
మూడు సంతకాలయ్యాక ఏ శనివారం రాత్రో నేను
మొత్తం వ్యూని విప్పి మళ్లీ కుట్టాలి.
సొంతింటి గోడకి మేకు కొట్టడానికి
తాపీమేస్త్రీ కోసం ఎదురుచూడ్డం లాంటిది.
ఆలోపు ఆ బస్తీ వాళ్లంతా
కోడ్ చిట్టచివరి పంక్తిలో పడి ఉంటారు:
ఇవేవీ కాకపోతే, 'ఇతరములు'.

ఒక్కో పేరూ పెకలించి పట్టికలో పరిచాను.
సంఖ్య, పేరు, రూటు, ఎప్పటినుంచి, ఎప్పటిదాకా.
చిన్న తెర ఒకటి చేసి ఆమె ముందు పెట్టాను.
"ఇక మీదే మేడమ్."

దారం కట్టిన కళ్లద్దాలు పైకి జరుపుకుని
ఆమె మొదట కొత్తగా ఏమీ రాయలేదు.
పంతొమ్మిదో వరుసలో ఒక దీర్ఘం తీసేసింది.
"పద్నాలుగేండ్ల సంది ఈ తప్పు చూస్తున్న.
నన్ను అడిగినోడెవడు?"

తర్వాత అరవై రెండు.
చూనాభట్టి.
ఎంటర్.

రిపోర్టులో ఇతరములు నాలుగొందల పన్నెండు తగ్గాయి.
నాలుగొందల పన్నెండు అర్జీలు
ఒకే పేరు కింద లేచి నిలబడ్డాయి.
రెండు పట్టికల్ని కలపడమేగా, నాకు తెలుసు.
అయినా కాసేపు మౌస్ కదపలేదు.

గురువారం మాత్రం చూనాభట్టికి ట్యాంకర్ వెళ్లలేదు.
బిందెలు పట్టుకుని మెట్లెక్కి వచ్చేశారు.
ఆమె కొట్టిన రూటు పేరు చివర
కంటికి ఆనని ఒక ఖాళీ.
"ఖాళీని గూడ లెక్కవెడ్తదా నీ మిషన్?"
తప్పు నాదే. తాళంచెవి ఇచ్చాను గానీ
తలుపుకి గడప పెట్టలేదు.
ఆ రాత్రే అంచులు కత్తిరించే నియమం ఒకటి చేర్చాను.
ఆమె మాత్రం ఇప్పటికీ
ప్రతి పేరు కొసనీ తెర మీద గోటితో గీకి చూస్తుంది.

ఇతరములు ఇంకా ముప్పై ఏడు మిగిలాయి.
ఆ ఒక్క మాటా కోడ్‌లోనే ఉంచాను.
సాయంత్రం పర్సు సర్దుకుంటూ ఆ అంకె కేసి చూసి
"రేపు డ్రైవర్లని అడుగుత" అంటుంది.

పరాంకుశంగారి వాక్యం చెరపబోయి ఆగాను.
'వచ్చే వారం' పక్కన
ఇవాళ్టి తేదీ వేశాను.