ముందు వెనక్కి

కుమాసీలో, సువామె షెడ్ల వరసలో,
ఎడారి గాలి దుమ్ము మోసుకొచ్చి
మూత తీసిన ప్రతి ఇంజన్ నోట్లోనూ పోస్తున్న శనివారం.

మూడో ప్లగ్గు ఎక్కించింది నేనే.
రెండో చుట్టులోనే అడ్డం పడింది.
మణికట్టుకి తెలిసింది, చెవికి తెలిసింది,
అయినా పానాకి పైపు తొడిగి
ఎలా రావో చూస్తానని తిప్పాను.
రాకేం, వచ్చింది.
విప్పి చూస్తే అల్యూమినియం మరంతా
ప్లగ్గు మెడకి చుట్టుకుని ఉంది,
చెక్కిన పెన్సిలు పొట్టులా మెరుస్తూ.

బయట బల్ల మీద టాక్సీ సొంతదారు సెర్వా న్యార్కో.
ఒంటి మీద నలుపూ ఎరుపూ చావుబట్టలు.
మాంపాంగ్‌లో మేనమామని పదకొండింటికి లేపుతారట.
"మాస్టర్, అది నడుస్తుందా, నన్ను నడవమంటావా?"

మాస్టర్ అఫ్రిఫా తిట్టలేదు.
తిడితే బావుండేది.
టార్చి పళ్ళ మధ్య కరిచిపట్టి
పళ్ళ డాక్టరు అద్దాన్ని గుంతలోకి దించి
చాలాసేపు చూశాడు,
పక్కనే ఉన్న నన్ను తప్ప అన్నీ.
"హెడ్డు విప్పితే రెండు రోజులు.
విప్పం.
వెళ్ళి బడూని బుష్ అడుగు."

బడూ లేతు మీద వంగి ఉన్నాడు.
కొలతలు చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.
పాత పడవ ఇరుసు నుంచి కోసిన ఇత్తడి ముక్క,
లోపలొక మర, బయటొక మర,
గేజి చూడకుండా తీశాడు.
వేడిగా ఉందని గుడ్డలో చుట్టి ఇచ్చాడు
వేరుశనగలు పొట్లం కట్టినట్టు.

ఈలోగా మాస్టర్ ట్యాపు గాళ్ళ నిండా గ్రీజు కూరాడు.
"రజను ఒక్కటి లోపల పడిందా,
సిలిండరు గోడ మీద జన్మంతా ఉంటుంది గీత."
అర తిప్పు ముందుకి, పావు వెనక్కి.
తియ్యి, తుడువు, మళ్ళీ పుయ్యి.
గ్రీజులో చిక్కిన వెండి పొడి
నా షర్టుకే తుడిచాడు, కావాలనే.
అర ముందుకి, పావు వెనక్కి.
సెర్వా ఆంటీ గడియారం చూడ్డం మానేసి
నా చెమట చూస్తోంది.
ఆఖర్న పాత సైకిలు ట్యూబు గొట్టంతో
మిగిలిందేమన్నా ఉంటే లాగేశాం.

బుష్ దిగింది. మర మందు పూశాం, ఆరాలి.
ఆరేలోగా టార్చి నా చేతికిచ్చి
"ఒకటో గుంత చూడు" అన్నాడు.
చూశాను. అందులోనూ ఒక ఇత్తడి అంచు,
మసి పట్టి, చాలా పాతది.
"ఎవరు పోగొట్టారు మాస్టర్?"
ఆయన పలకలేదు.
గోడకి అటువైపు లేతు ఆగింది.
"పన్నెండేళ్ళయింది," అన్నాడు బడూ అక్కణ్ణుంచే,
"ఇంకా చూపిస్తూనే ఉన్నాడా ముసలాయన!"

అప్పుడు మాస్టర్ కొత్త ప్లగ్గు నా వేళ్ళలో పెట్టాడు.
పానా తీసి దూరంగా, టైర్ల మీదకి విసిరాడు.
"ముందు వెనక్కి తిప్పు."
బిగించాల్సింది కదా మాస్టర్?
"వెనక్కి. మెల్లిగా.
మర మొదలెక్కడో దానికి తెలుసు, నీకు తెలీదు.
అడుగు."
వెనక్కి తిప్పాను, తాళంచెవి మర్చిపోయినవాడిలా.
లోపలెక్కడో
టిక్ మంది.
శబ్దం కాదు, వేలి చివర చిన్న మెట్టు దిగడం.
"ఇప్పుడు ముందుకి."
రెండు వేళ్ళతో, అడుగుదాకా,
ఎవరూ ఎవరినీ తొయ్యకుండా వెళ్ళింది.

పదీ నలభైకి టాక్సీ కదిలింది,
నారింజ రంగు రెక్కలు ఊగుతూ,
వెనక సీట్లో నలుగురు, ఒళ్ళో ఇద్దరు.
నాలుగు సిలిండర్లూ సమంగానే అన్నాయి.
నాకు మాత్రం మూడోది ఒక్కటే వినిపించింది
మాంపాంగ్ రోడ్డు మలుపు దాకా,
తర్వాత రాత్రంతా.

సోమవారం పొద్దున్నే సెర్వా ఆంటీ మళ్ళీ వచ్చింది.
నా గుండె గొంతులోకొచ్చింది.
ఇంజన్ ఊసే ఎత్తలేదు.
హారన్ బొంగురుపోయిందట,
శవం ముందు పరువు పోయిందట,
అదీ మా పుణ్యమేనట.